ఎంజీబీ, ట్రయంఫ్ టీఆర్6: రెండూ వాడాక నా అభిప్రాయం

ఇంగ్లాండ్‌లో ఉంటూ ఈ రెండు పాత ఓపెన్ టాప్ కార్లనూ చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. టీఆర్6 1971 నాటిది, ఎంజీబీ కూడా ఇంచుమించు ఆ కాలానిదే.

ఇంజన్ విషయంలో అసలు పోటీయే లేదు. టీఆర్6లో వరసగా ఆరు సిలిండర్లు, 2498 సీసీ, ఇక్కడ అమ్మిన బండ్లకు పెట్రోల్ ఇంజెక్షన్, అంటే కార్బురేటర్ బదులు పంపు ఒత్తిడితో పెట్రోల్‌ను చిమ్మే పద్ధతి. తొలి మోడళ్లకు కంపెనీ చెప్పిన లెక్క 150 హార్స్‌పవర్. మూడో గేర్లో గట్టిగా తొక్కితే వెనక భాగం కూర్చుని ముక్కు పైకి లేస్తుంది. ఆ సైలెన్సర్ మోత కోసమే చుట్టుదారిలో ఇంటికొస్తుంటాను. అమెరికాకు వెళ్లిన టీఆర్6లకు మాత్రం కార్బురేటర్లే, పవర్ బాగా తక్కువ. అవి తిరిగొచ్చి ఇక్కడ అమ్మకానికి వస్తుంటాయి, చూసుకోండి.

అయితే ఆ ఇంజెక్షనే తలనొప్పి కూడా. దాని పంపు డిక్కీలో ఉంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పంపు వేడెక్కి, పెట్రోల్ ఆవిరై, ఇంజన్ దగ్గడం మొదలుపెడుతుంది. చాలామంది ఆధునిక పంపు పెట్టించుకుంటారు. నేనూ పెట్టించాను, టెన్షన్ చాలావరకు పోయింది.

ఎంజీబీది 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, సుమారు 95 హార్స్‌పవర్. మన అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చిన 1489 సీసీ ఇంజన్‌ది కూడా ఇదే బి-సిరీస్ వంశం. అంబాసిడర్ రిపేరు చేసిన చేతికి దీని బానెట్ కింద కొత్తేమీ కనిపించదు. వెనక కమాన్ కట్టలు, కాబట్టి గతుకుల రోడ్డు మీద నడుం సంగతి చెప్పక్కర్లేదు! కానీ మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) లేని బండి మాత్రం కొనకండి, మోటార్‌వే మీద ఇంజన్ గోల భరించలేరు.

1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే స్పేర్ పార్టులకు వెతుకులాట లేదు, పూర్తి బాడీ షెల్ కూడా కొత్తది దొరుకుతుంది. ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అందరి ఓటూ టీఆర్6కే.

కొనేటప్పుడు పెయింట్ నిగనిగ చూసి పడిపోవద్దు. ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు, బరువంతా తలుపుల కింది ఇనుప పట్టీలు (సిల్స్) మోస్తాయి. జాకీతో ఒక పక్క లేపి తలుపు వేసి చూడండి. పట్టేస్తే లోపల తుప్పు తినేసిందనే అనుమానించాలి. టీఆర్6కి చాసిస్ వేరుగా ఉంటుంది. దాన్ని కింద దూరి, వెనక సస్పెన్షన్ ఆర్మ్‌లు (చక్రాలను పట్టి ఉంచేవి) బిగించిన చోట చూడాలి.