ఏడేళ్ల వాడకం తర్వాత: ఏఆర్‌-15కి ఏ మ్యాగజైన్‌ని నమ్మొచ్చు?

ఏఆర్‌-15 రైఫిల్ కొనేముందు మూడు నెలలు ఆలోచించాను. బ్యారెల్ ఎంత పొడవుండాలి, ట్రిగర్ ఎలా ఉంటుంది, ఏ కంపెనీది తీసుకోవాలి అని రాత్రిళ్లు కూర్చుని చదివాను. మ్యాగజైన్ల, అంటే తూటాలు నింపి రైఫిల్‌కి కిందినుంచి తగిలించే డబ్బాల సంగతికొస్తే, షాపులో బిల్లు కట్టే కౌంటర్ పక్కన డబ్బాలో చవగ్గా కనబడినవి నాలుగు తీసుకుని వచ్చేశాను. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ నాలుగింటి వల్లే.

డాలస్ దగ్గర ఒక అవుట్‌డోర్ షూటింగ్ రేంజ్‌కి శనివారాలు వెళ్తుంటాను. కొత్త రైఫిల్‌తో అక్కడికి వెళ్లిన మూడోసారి అది పదే పదే ఆగిపోయింది. తూటా చాంబర్‌లోకి, అంటే పేలే ముందు అది కూర్చునే చోటికి వెళ్లకుండా ముక్కు కిందికి వాల్చి ఇరుక్కుంటోంది. తీసి మళ్లీ పెడితే నాలుగు పేలుతాయి, ఐదోది మళ్లీ ఇరుక్కుంటుంది. రైఫిల్లోనే లోపం ఉందని తిరిగి పంపేద్దామనుకున్నాను. పక్క బెంచీ దగ్గరున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, "ప్రతిసారీ ఒకే మ్యాగజైనా, వేరేవా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నాలుగూ నల్లగా ఒకేలా ఉన్నాయి మరి.

ఆయన ఖాళీ మ్యాగజైన్ ఒకటి తీసుకుని, పైన కనిపించే ఫాలోయర్ ముందు అంచు మీద బొటనవేలితో నొక్కారు. తూటాల కింద ఉండి, స్ప్రింగ్ తోసినప్పుడు వాటిని పైకి ఎత్తే పలకను ఫాలోయర్ అంటారు. నాది ముందుకు ఒరిగి, సగం దారిలో అలాగే బిగుసుకుపోయింది. వేలు తీసినా పైకి రాలేదు. తర్వాత తన మ్యాగజైన్ నా చేతికిచ్చి నొక్కమన్నారు. ఎక్కడ నొక్కినా తిన్నగా కిందికి దిగింది, వదలగానే తిన్నగా పైకొచ్చింది. ఆ తేడా నా బొటనవేలికి ఇప్పటికీ గుర్తుంది. షాపులో కొత్త మ్యాగజైన్ చేతికి రాగానే నేను మొదట చేసేది ఆ పనే.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. ఈ రైఫిల్లో వాడే 5.56 తూటా వెనకవైపు లావుగా, ముందుకొచ్చేకొద్దీ కొంచెం సన్నగా ఉంటుంది. అలాంటివాటిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఆ వరస తిన్నగా ఉండదు, అరటిపండులా వంగుతుంది. కానీ ఏఆర్ రైఫిల్లో మ్యాగజైన్ దూరే గూడు తిన్నగానే ఉంటుంది, ఎందుకంటే మొదట్లో దాన్ని 20 తూటాల పొట్టి మ్యాగజైన్ కోసం చేశారు. తర్వాత వచ్చిన 30 తూటాల మ్యాగజైన్ ఆ గూటికి సరిపడాలి కాబట్టి పైన తిన్నగా ఉండి, కింద వంపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గరే ఫాలోయర్ తడబడుతుంది. అది ఒరిగిందంటే పైనున్న తూటా ముక్కు కూడా వాలుతుంది. నాకు జరిగింది అదే.

అమెరికన్ సైన్యం కూడా ఈ సమస్యతో చాలాకాలం కుస్తీ పట్టింది. వియత్నాం రోజుల్లో 20 పట్టే మ్యాగజైన్లో 18 మాత్రమే నింపడం సైనికులకు అలవాటుగా ఉండేది. ఫాలోయర్‌ని నల్లరంగు నుంచి ఆకుపచ్చకు మార్చారు. 2009లో ఒరగకుండా కాళ్లు పొడిగించిన ఇసుకరంగుది తెచ్చారు. ఆ తర్వాత ఎం855ఏ1 అనే ఉక్కుమొన తూటా రైఫిల్ లోపలి అల్యూమినియాన్ని గీరుతోందని, తూటా పైకొచ్చే కోణాన్ని సవరించి 2016లో నీలం ఫాలోయర్‌తో ఇంకొకటి తెచ్చారు. పాత అల్యూమినియం మ్యాగజైన్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఈ రంగు చూడండి. నలుపో, ఆకుపచ్చో అయితే డబ్బా మెరుస్తున్నా వదిలేయండి, లేదంటే కొత్త ఫాలోయర్, స్ప్రింగ్ వేసుకోండి. పెద్ద ఖర్చు కాదు.

ఇక నేను వాడినవాటి సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వాడింది మ్యాగ్‌పుల్ కంపెనీ పీమ్యాగ్, అందులోనూ జెన్ ఎం3. కొన్నప్పుడు ఒక్కోటి పదమూడు, పద్నాలుగు డాలర్లు పడింది. పాలిమర్ ఒళ్లు, నాలుగు మూలలా పట్టున్న ఫాలోయర్, స్టెయిన్‌లెస్ స్ప్రింగ్. గూటిలోకి మరీ లోతుగా దూరిపోకుండా వెనక ఒక అడ్డు ఉంటుంది. 2016 చివర్లో అమెరికన్ మెరైన్ కోర్ దీన్ని తమ వాళ్లకు అనుమతించింది. నా దగ్గర ఆరు ఉన్నాయి. టెక్సాస్ ఎండలో, కంకర మీద, బురదలో పడ్డాయి. వాటి వల్ల రైఫిల్ ఆగిన సందర్భం నా నోట్‌బుక్‌లో ఒక్కటీ లేదు. ఎవరైనా "ఒక్కటే చెప్పు" అంటే నేను చెప్పేది ఇదే. పక్కన కిటికీ ఉన్నది కూడా వస్తుంది, ఎన్ని తూటాలు మిగిలాయో బయటికే కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

లాన్సర్ ఎల్5 రెండున్నాయి. కొన్నప్పుడు ధర ఇరవై డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ఒళ్లు పాలిమరే, కానీ తూటాను పట్టి ఉంచే పై అంచులు, అంటే ఫీడ్ లిప్స్, ఉక్కుతో చేసినవి. నాకు నచ్చింది ఆ ఆలోచనే. మ్యాగజైన్లో మొదట పాడయ్యేది ఆ అంచులే కదా. అవి ఒక వెంట్రుకవాసి విచ్చుకున్నా బోల్ట్, అంటే తూటాను చాంబర్‌లోకి తోసే భాగం, ఒకేసారి రెండు తూటాలను ముందుకు తోస్తుంది, దాన్ని విడదీయడానికి మ్యాగజైన్‌ని పట్టి లాగాల్సి వస్తుంది. లాన్సర్లు అలాంటి ఇబ్బంది పెట్టలేదు. అయినా పీమ్యాగ్ కంటే అంత ఎక్కువ ఇచ్చి కొనాలా అంటే, రేంజ్‌కి వెళ్లొచ్చే మనలాంటివాళ్లకు అవసరం లేదనే నా అభిప్రాయం.

అల్యూమినియంవి తేలిగ్గా, సన్నగా ఉంటాయి, సంచిలో ఎక్కువ చోటు తీసుకోవు. మంచివి బాగానే పనిచేస్తాయి. కాకపోతే నిండుగా ఉన్నది నేలమీద తలకిందులుగా పడితే అంచు వంగుతుంది, ఆ వంపు కంటికి కనబడదు. వాటిని మొదట్నుంచీ వాడి పారేసే వస్తువులుగానే చూశారు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని వాడితే వాటి మీద అనవసరంగా కోపం రాదు.

అయితే పెద్దాయన నేర్పిన అసలు పాఠం బ్రాండ్ గురించి కాదు, నంబర్ గురించి. ఆ రోజు ఇంటికొచ్చి తెల్ల పెయింట్ పెన్‌తో ప్రతి మ్యాగజైన్ మీదా అంకె వేశాను. ఎం3 పీమ్యాగ్ కింది భాగంలో చిన్న చిన్న చుక్కల గళ్లుంటాయి. కావలసిన చుక్కల్ని నింపితే అంకె తయారవుతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు చుక్కలు కలిపి బొమ్మలు వేసినట్టే డైనింగ్ టేబుల్ మీద ఖాళీ మ్యాగజైన్లు పెట్టుకుని ఒక సాయంత్రమంతా చేశాను. అప్పటినుంచి రైఫిల్ ఆగిన ప్రతిసారీ తేదీ, మ్యాగజైన్ నంబర్, ఏమైంది అని మూడు ముక్కలు రాస్తాను. ఒకే నంబర్ మళ్లీ మళ్లీ కనిపిస్తే తప్పు ఆ మ్యాగజైన్‌ది. వేర్వేరు నంబర్లతో అదే గొడవ వస్తుంటే రైఫిల్ని చూడాలి, లేదా తూటాలని. ఇది తెలియక ఎంతమంది మంచి రైఫిల్ని గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లి డబ్బులు పోసుకుంటారో! మొదట కొన్న నాలుగింట్లో రెండు నెల తిరక్కుండానే చెత్తలో పడ్డాయి, ఇంకో రెండు ఫాలోయర్ మార్చాక చాలాకాలం పనిచేశాయి.

కొత్తది వచ్చాక రేంజ్‌లోనే పరీక్షిస్తాను, ఇంట్లో తూటాలతో ఏమీ చేయను. ఖాళీది గూటిలో పెట్టి బటన్ నొక్కితే దానంతటదే కింద పడాలి. తర్వాత ఒక్క తూటా వేసి పేలుస్తాను, బోల్ట్ వెనక్కి వెళ్లి అక్కడే ఆగాలి. ఆఖరి తూటా అయిపోయాక ఫాలోయరే బోల్ట్‌ని ఆపే కొక్కాన్ని పైకి నెడుతుంది కాబట్టి స్ప్రింగ్ బలం ఎంతుందో ఇక్కడే తెలిసిపోతుంది. తర్వాత నిండుగా నింపి, బోల్ట్ మూసి ఉండగా లోపలికి తోసి, కిందికి ఒకసారి లాగి చూస్తాను. ఇక్కడ చాలామంది ఇబ్బందిపడతారు. 30 నింపితే పై తూటా బోల్ట్‌కి గట్టిగా తగిలి మ్యాగజైన్ ఒక్కోసారి పూర్తిగా కూర్చోదు. కూర్చుందనుకుని పేలిస్తే ఆ దెబ్బకు ఊడి కాళ్లమీద పడుతుంది. నేను 28 దగ్గర ఆపేస్తాను.

స్ప్రింగ్ గురించి ఒక మాట. నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని భయపడేవాళ్లున్నారు. మంచి స్ప్రింగ్ నొక్కి ఉంచినందువల్ల కాదు, నింపడం, ఖాళీ చేయడం వేలసార్లు జరిగాక అలసిపోతుంది. నేను నింపి ఉంచకపోవడానికి కారణం వేరు, ఇంట్లో పిల్లలున్నారు. రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో, మ్యాగజైన్లు ఎప్పుడూ ఖాళీగా. ఆరు నెలలకోసారి అడుగు పలక తీసి పొడి గుడ్డతో లోపల తుడుస్తాను. నూనె వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

ఇంకా లావు గుండు పేల్చే .300 బ్లాకౌట్ రైఫిల్ కూడా ఉన్నవాళ్లు ఈ విషయంలో అశ్రద్ధ చేయొద్దు. ఆ తూటాలు ఇవే మ్యాగజైన్లలో పడతాయి. పొరపాటున 5.56 బ్యారెల్లో పేలిస్తే రైఫిల్ బద్దలవుతుంది, చేతులు, కళ్లు పోయే ప్రమాదం. నా స్నేహితుడికి రెండూ ఉన్నాయి. అతను బ్లాకౌట్‌కి ఇసుకరంగు మ్యాగజైన్లు మాత్రమే వాడతాడు, రెండు రైఫిళ్లూ ఒకేరోజు రేంజ్‌కి తేడు.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్నున్నాయి. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నేను గ్రీన్‌కార్డ్ చేతికొచ్చేదాకా ఆగాను. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో పేల్చిన ఐదు రౌండ్ల తర్వాత మళ్లీ అప్పుడే పట్టుకున్నాను. ఇంకోటి, టెక్సాస్‌లో మ్యాగజైన్‌కి పరిమితి లేదు గానీ కారేసుకుని వేరే రాష్ట్రం వెళ్తే కథ మారిపోతుంది. కొలరాడో 2013లో 15 దాటకూడదంది. మ్యాగ్‌పుల్ ఆ రాష్ట్రం వదిలి వయోమింగ్‌కి, టెక్సాస్‌కి మారింది ఆ చట్టం వల్లే. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ 2018లో పరిమితిని 15 నుంచి 10కి దించింది. చట్టాలు మారుతుంటాయి, బయల్దేరేముందు ఆ రాష్ట్రానిది చూసుకోండి. ఇక రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడొద్దు, దయచేసి. జేబు మూలలో ఒక్క తూటా మిగిలినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. ఆ చట్టంలో ఆయుధాల విడిభాగాలు కూడా ఉన్నాయి, కాబట్టి ఖాళీ మ్యాగజైనే కదా అనుకోవడానికి లేదు.

ఇప్పుడు సంచిలో పన్నెండున్నాయి. పోయిన నెల అల్యూమినియంలో ఒకటి, నంబర్ 7, ఆఖరి తూటా తర్వాత బోల్ట్‌ని ఆపలేదు. కొత్త స్ప్రింగ్ వేశాను. తర్వాతి శనివారం మళ్లీ రెండుసార్లు అదే జరిగింది. రేంజ్‌లోనే బూటుకాలితో నొక్కి అంచులు చదును చేసి డబ్బాలో పడేశాను, ఇంకెవరూ ఏరుకుని వాడకూడదని. దాని బదులు వచ్చిన పీమ్యాగ్‌కి కొత్త నంబర్ వేశాను. 7 మళ్లీ వాడితే నోట్‌బుక్‌లో పాత లెక్క, కొత్త లెక్క కలిసిపోతాయి.