డీఎన్ఎస్‌మాస్క్: చుక్కలేని పేర్లకు నా నమ్మకమైన మనిషి (రేటింగ్ 5కి 4.5)

విజయవాడలో మాది చిన్న డీటీపీ సెంటర్. పది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఫైళ్లు దాచే సర్వర్ ఒకటి. సర్వర్‌కి ‘గోదారి’ అనీ, పెద్ద ప్రింటర్‌కి ‘మున్నేరు’ అనీ పేర్లు పెట్టుకున్నాం. మధ్యలో చుక్కేమీ లేని ఆ ఒక్క మాట కొడితే యంత్రం దొరకాలి. రూటర్ ఆగి లేచినప్పుడల్లా ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో యంత్రాల నంబర్లు) మారిపోయి, పెళ్లి కార్డుల సీజన్లో ప్రింట్లు ఆగడం ఇక నావల్ల కాదనుకుని, రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ మీద డీఎన్ఎస్‌మాస్క్ పెట్టాను. సైమన్ కెల్లీ రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే రూటర్లలో ముందే ఉంటుంది.

అడ్రసులు పంచేదీ పేర్లకు జవాబిచ్చేదీ ఇదే. అందుకే కొత్త కంప్యూటర్‌కి వైరు పెట్టగానే, అది చెప్పుకున్న పేరు తనంతట తానే పట్టికలో చేరిపోతుంది. దీని సెట్టింగుల ఫైల్లో డొమైన్ లైనులో ‘హోమ్.ఆర్పా’ అని రాశాను. ఇళ్ల నెట్‌వర్కుల కోసమని 2018లో ఆర్ఎఫ్‌సీ 8375 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రత్యేకించిన పేరది. (‘.లోకల్’ జోలికి పోకండి, అది సర్వర్ లేకుండా యంత్రాలు తమలో తామే పేర్లు వెతుక్కునే ఎండీఎన్ఎస్‌ది.) పేర్ల చివర తగిలే ఈ తోకను డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పద్ధతి) అన్ని కంప్యూటర్లకూ అందిస్తుంది. లినక్స్‌లో ‘మున్నేరు’ అని అడిగితే, అందులో చుక్క లేదు కాబట్టి ముందు తోక తగిలించి ‘మున్నేరు.హోమ్.ఆర్పా’ కోసం వెతుకుతుంది. విండోస్ కూడా తోక తగిలించే అడుగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘డొమైన్-నీడెడ్’ అనే ఒక్క లైను. అది ఉంటే చుక్కలేని మామూలు పేరేదీ బయటి సర్వర్లకు పోదు. తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే లేదంటుంది. ఆ లైను లేకపోతే మన ప్రింటర్ పేరు ఇంటర్నెట్ పేర్లన్నిటికీ మొదలైన రూట్ సర్వర్ల దాకా పోయి, అలాంటిది లేదన్న జవాబుతో తిరిగి రావచ్చు. పక్క గదిలో మనిషిని పిలవడానికి ఊరంతా దండోరా ఎందుకు? కొత్త టాప్ లెవెల్ డొమైన్లలో (‘.కామ్’ లాంటి చివరి భాగాల్లో) చుక్కలేని అడ్రసులు వద్దని, ఇంటర్నెట్ పేర్లను చూసే ఐకాన్ సంస్థ 2013లో తేల్చేసింది. చాలా మంచి పని చేసింది. ఒకే మాట మా దగ్గర ప్రింటరూ, బయట ఇంకెవరిదో సైటూ అయితే ఏ యంత్రాన్ని నమ్మాలి? తోక ఉన్న పేర్లూ బయటికి పోకుండా ఫైల్లోని ‘లోకల్’ లైనులో (పైన వద్దన్న ‘.లోకల్’ కాదు) హోమ్.ఆర్పాను కూడా చేర్చండి.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, దీనికి బొమ్మల స్క్రీన్ లేదు, అంతా ఫైల్లో రాసుకోవాల్సిందే. ఉబుంటు మీద పెడితే, 127.0.0.53 దగ్గర పోర్ట్ 53 (పేర్ల ప్రశ్నలు వచ్చే ద్వారం) పట్టుకుని కూర్చున్న, పేర్లు వెతికే ఉబుంటు సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌తో గొడవ వస్తుంది. ‘బైండ్-ఇంటర్‌ఫేసెస్’ పెట్టి, వినాల్సిన ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కనెక్షన్) పేరు రాస్తే సర్దుకుంటుంది.

బ్రౌజర్ల తీరు మాత్రం దీని తప్పు కాదు. క్రోమ్‌లో ‘గోదారి’ అని కొడితే సెర్చ్‌కి పోతుంది. చివర ఒక స్లాష్ పెట్టండి, నేరుగా సర్వర్ తెరుచుకుంటుంది. మా కుర్రాళ్లకు ఇది అలవాటైపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ (పేర్లకు అడ్రసులు ఎవరిని అడగాలో చెప్పే సెట్టింగ్)కు బయటి సర్వర్ పేరు పెట్టుకున్నవాళ్లకు మాత్రం ‘గోదారి’ దొరకదు, ఆ ప్రశ్న అసలు మా రాస్ప్‌బెర్రీ పై దగ్గరికే రాదు. షాపులో ఉన్నంతసేపు ఆ సెట్టింగ్ తీసేయమని చెబుతున్నాను.