మెడికేర్ రిబేటుతో కైరోప్రాక్టర్ వైద్యం: నాలుగేళ్ల అనుభవం

మెల్‌బోర్న్‌లో ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో, ఏడాదిన్నర లోపు పసివాళ్ల గదిలో పనిచేస్తాను. వంగి ఎత్తుకోవడం, వంగి పడుకోబెట్టడమే రోజంతా పని కావడంతో, సాయంత్రానికి నడుము పట్టేసి ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా నరం లాగేది. ఆరు నెలలకు పైగా ఉన్న బాధ దీర్ఘకాలిక సమస్య కిందికి వస్తుందని చెప్పి, 2022లో మా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) చికిత్సా ప్రణాళిక రాసి, వెన్నును చేతులతో సర్దే కైరోప్రాక్టర్‌కు రిఫరల్ ఇచ్చారు. అప్పటి నుంచి ఏటా ఈ సదుపాయాన్ని వాడుకుంటున్నాను.

ఇలా రిఫరల్‌తో వెళ్తే మెడికేర్, అంటే ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఫీజులో కొంత తిరిగి ఇస్తుంది. ఆ రిబేటు ఏడాదికి ఐదు సార్లకే వస్తుంది. పైగా ఆ ఐదూ కైరోప్రాక్టర్‌కే కావు. ఫిజియో, డైటీషియన్, పాదాల వైద్యులు అందరికీ కలిపి ఐదు. షుగర్ ఉన్న మావారికి పాదాల పరీక్షకూ డైటీషియన్‌కూ మూడు పోతే, మెడనొప్పికి మిగిలేవి రెండే. వాడుకోనివి మరుసటి ఏడాదికి జమ కావు, జనవరి 1తో మళ్లీ కొత్త లెక్క మొదలవుతుంది. 2025 జూలై నుంచి, మునుపు రెండుగా ఉన్న ప్రణాళికలను ఒకటి చేశారు. రిఫరల్‌కు మామూలు ఉత్తరం చాలు, కాని గత 18 నెలల్లో జీపీ ఆ ప్రణాళికను రాసైనా, సమీక్షించైనా ఉండాలి.

రిబేటు వస్తుందంటే ఉచితమని అర్థం కాదు. ఒక్కో విజిట్‌కు వచ్చేది 60 డాలర్ల పైచిలుకు. బల్క్ బిల్ చేయని, అంటే రిబేటునే పూర్తి ఫీజుగా తీసుకోని క్లినిక్‌లో మిగతాది (గ్యాప్) మనమే కట్టుకోవాలి, అదే విజిట్‌కు ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో కూడా క్లెయిమ్ చేయడం కుదరదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే గ్యాప్ ఎంతో అడగండి. నేను మొదట వెళ్లిన చోట, ఎక్స్‌రే తీసిన రోజే ఇరవై నాలుగు విజిట్ల ప్యాకేజీకి సంతకం పెట్టమన్నారు. నొప్పితో, భయంతో ఉన్న మనిషిని అలా తొందరపెట్టడం తప్పని ఈరోజుకీ నా అభిప్రాయం. సంతకం పెట్టకుండా వచ్చేశాను.

ఇప్పుడు చూస్తున్న ఆవిడ పద్ధతి వేరు. వెన్నును సర్దేది పది నిమిషాలే. మిగిలిన సమయమంతా బరువు ఎలా ఎత్తాలో నేర్పుతారు. ఒకరోజు పది కిలోల సోనామసూరి బస్తా తెమ్మన్నారు. దాన్ని నేల మీద నుంచి తీస్తుంటే నా మోకాళ్లు వంగడం లేదనీ, బస్తా పొట్టకు జానెడు దూరంలో ఉండిపోతోందనీ వేలితో తాకి చూపించారు. అంతవరకు పిల్లల్నీ నేను అలాగే ఎత్తుతున్నానని నాకు తెలియనే తెలియదు. సర్దినందువల్ల కలిగే ఉపశమనం నాకు నాలుగైదు రోజులకు మించి నిలవలేదు. నెలల తరబడి నిలిచింది ఆ బస్తా పాఠమూ, రోజూ ఇంట్లో చేసే వ్యాయామమూ. అందుకే మొదటి మూడు విజిట్లూ దగ్గర దగ్గరగా పెట్టుకుని, రెండింటిని నొప్పి తిరగబెట్టినప్పటి కోసం ఆపుకుంటాను.

కాళ్ల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం పట్టు తప్పినా కైరోప్రాక్టర్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈ మాట మొదటిరోజే ఆవిడే చెప్పారు. ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఈ ఏడాదికి నాకింకా ఒకటి మిగిలి ఉంది. డిసెంబరులో హైదరాబాద్ ప్రయాణానికి ముందువారం దాన్ని వాడుకుంటాను.