కై-రో గుర్తు ఉందని రోమన్ నాణేలు కొనేవారికి హెచ్చరిక

క్రీస్తు గుర్తు ఉన్న రోమన్ నాణెం అని ఎవరైనా అమ్మజూపితే దయచేసి తొందరపడకండి. నేను తొందరపడి 240 పౌండ్లు పోగొట్టుకున్నాను. ఇంగ్లండులోని మా తెలుగు సంఘంలో బాప్తిస్మాలకు, పెళ్లిళ్లకు ఇలాంటి నాణేలు కానుకగా ఇవ్వడం ఈమధ్య చూస్తున్నాను. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

గుంటూరులో ఉన్న అమ్మకు డెబ్బయ్యో పుట్టినరోజున ఇద్దామని ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు చిన్న కంచు నాణెం కొన్నాను. ఒక వైపు చక్రవర్తి తల. రెండో వైపు ఇద్దరు సైనికులు, వాళ్ల మధ్య ఒక ధ్వజం, దాని పక్కన కై-రో, అంటే గ్రీకులో క్రీస్తు పేరులోని మొదటి రెండక్షరాలు కలిపిన గుర్తు. ‘312లో మిల్వియన్ వంతెన యుద్ధం గెలవగానే ముద్రించినది’ అని రాసి ఉంది. క్రీస్తు గుర్తుతో కాన్‌స్టంటైన్ గెలిచాడని చెప్పుకునే యుద్ధం అది. ఫోటోలో ఆ గుర్తు ఉబ్బెత్తుగా, ముచ్చటగా కనిపించింది.

నాణెం చేతికొచ్చాక గోరుతో తడిమితే గోరు ఆ గీతల్లో దిగింది. అచ్చు దెబ్బకు బొమ్మ పైకి లేవాలి గాని గుంటపడదు కదా! భూతద్దం పెట్టి చూశాను. నాణెమంతా పచ్చటి కిలుము పట్టి ఉంది, గీతల అడుగున మాత్రం లోహం ఎర్రగా మెరుస్తోంది. గీతల అంచుల్లో కిలుము పెళ్లలుగా లేచిపోయింది. ఎవరో సూదిమొన లాంటి దానితో ఈమధ్యనే చెక్కారు. మరి ఫోటోలో ఉబ్బెత్తుగా ఎలా కనిపించింది? వెలుతురు కింది నుంచి పడేలా పెట్టి తీశారు. వెలుగు పైనుంచే వస్తుందనుకోవడం మన కంటికి అలవాటు కాబట్టి గుంట గుట్టలా కనిపిస్తుంది. అదే ఫోటోను ఫోనులో తలకిందులు చేస్తే మోసం బయటపడింది.

ఆ తేదీ కూడా తప్పే. సైనికుల మధ్య ఒకే ధ్వజం ఉన్న ఈ రకం మొదలైంది 335 ప్రాంతంలో.

డబ్బు తిరిగివ్వమంటే, ‘నాణెం అసలైనదే కదా’ అన్నారు. నిజమే, అసలైనదే. గుర్తు లేకుండా ఇరవై పౌండ్లకు దొరికే నాణెం. మిగిలిన 220 పౌండ్లు నా విశ్వాసానికి కట్టిన ధర. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ తర్వాత నా ఉత్తరాలకు జవాబు లేదు.

కై-రో ఉన్న నాణేలు నిజంగా లేవని కాదు. 315లో టిసినమ్, అంటే నేటి పావియా టంకశాలలో కొట్టిన వెండి పతకంలో కాన్‌స్టంటైన్ శిరస్త్రాణం మీద ఉంది. 327లో కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్‌లో కొట్టిన నాణెంలో పాముని పొడుస్తున్న ధ్వజం కొసన ఉంది. ఇవి మనలాంటివాళ్లకు అందేవి కావు. 353లో, తానే రోమన్ చక్రవర్తినని ప్రకటించుకున్న మాగ్నెంటియస్ కొట్టించిన పెద్ద నాణేలలో ఒక వైపంతా కై-రోనే, అటూ ఇటూ ఆల్ఫా, ఒమేగా అనే గ్రీకు మొదటి, చివరి అక్షరాలు. కొనాలనే ఉంటే నమ్మకమైన వర్తకుడి దగ్గర అరిగిపోయినదైనా అదే కొనండి.

గుర్తు అచ్చుతోనే పడినా, అది క్రీస్తు గుర్తే అనుకోనక్కర్లేదు. క్రీస్తుకు రెండు వందల ఏళ్ల ముందే ఈజిప్టు రాజు మూడవ టాలెమీ కంచు నాణేలలో గద్ద కాళ్ల మధ్య కై-రో ఉంది. క్రైస్తవులను హింసించిన రోమన్ చక్రవర్తి డేసియస్ కాలంలో (249–251) లిడియాలోని (నేటి టర్కీలో) మయోనియా పట్టణం కొట్టిన నాణెం మీదా ఉంది. అక్కడ అది అధికారి పదవిని తెలిపే గ్రీకు మాటలోని రెండక్షరాల కలయిక. అచ్చు చెక్కినవాడు క్రైస్తవుడేనేమో, కావాలనే అలా కలిపాడేమో అని వాదించేవారున్నారు. నాకూ అలా అనుకోవాలనే ఉంటుంది. కానీ ‘కావచ్చు’ అన్నదానికి ‘అవును’ ధర పెట్టకండి. నాణెం మీద ఖాళీ స్థలంలో కనిపించే చిన్న సిలువలు చాలావరకు టంకశాల లెక్క కోసం వేసుకున్న గుర్తులే.

కొనే ముందు రెండు మూడు దిక్కుల నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటోలు అడగండి. బరువు, టంకశాల పేరు, వాపసు గడువు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వనంటే వదిలేయండి.

అదే అమ్మకందారు నిన్న మరో నాణెం పెట్టారు. దానికీ వెలుతురు కింది నుంచే పడుతోంది.