స్ప్రింగులు మార్చడంతో పని పూర్తి కాదు: నా డాట్సన్ 240జెడ్‌ను సరిచేసిన వర్క్‌షాప్

శాన్ హోసే శివార్లలో పాత జపాన్ కార్లను మాత్రమే చూసే ఒక చిన్న వర్క్‌షాప్‌కు గత వేసవిలో నా 1972 నాటి డాట్సన్ 240జెడ్‌ను అప్పగించాను. అంతకుముందు వేరొక చోట పొట్టి స్ప్రింగులు వేయించి కారును 40 మిల్లీమీటర్లు దింపించాను. చూడటానికి ముచ్చటగా ఉండేది కానీ, గతుకుల రోడ్డు మీద స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నా కారు పక్కకు లాగేది. వీల్ అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా గుణం కనిపించలేదు. అక్కడ కొలిచింది నిలిచి ఉన్న కారును. తేడా వచ్చేదేమో చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు.

ఇక్కడ ముందుగా స్ప్రింగులు తీసేసి, చక్రం బిగించే హబ్‌కు చదునైన పలక బిగించి, దానికి రెండు డయల్ గేజీలు ఆనించి, జాకీతో 10 మిల్లీమీటర్ల చొప్పున ఎత్తుతూ టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఎంత మారుతోందో ప్రతిసారీ కాగితం మీద రాసుకున్నారు. 50 మిల్లీమీటర్లు ఎత్తేసరికి టో 5 మిల్లీమీటర్లు మారింది. కారు దిగడంతో, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బయటి కొస లోపలి కొసకన్నా పైకి పోయిందనీ, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ వాలు కూడా మారిందనీ, ఆ రెండూ తిరిగే చాపాలు ఒకదానికొకటి పొసగడం లేదనీ దగ్గరుండి చూపించారు. మలుపుల్లో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ కారు కన్నా ఎక్కువగా కిందికి జారిందని విన్నాక, గట్టి స్ప్రింగులు వేసినా మలుపుల్లో ఎందుకు ఒరుగుతోందో తెలిసింది.

ఈ కారులో టై రాడ్ తగిలే స్టీరింగ్ ఆర్మ్, స్ప్రింగును మోసే నిలువు కడ్డీ అయిన స్ట్రట్ అడుగున రెండు బోల్టులతో బిగిసి ఉండి, లోయర్ ఆర్మ్ కొసను కలిపే బాల్ జాయింట్‌ను కూడా మోస్తుంది కనుక, ఆ సందులో 22 మిల్లీమీటర్ల అల్యూమినియం స్పేసర్ పెట్టి, పొడవైన బోల్టులు వేస్తే, లోయర్ ఆర్మ్ బయటి కొసా టై రాడ్ బయటి కొసా కలిసి దిగి పాత కోణాలకు చేరువవుతాయి. మళ్లీ కొలిస్తే మార్పు మిల్లీమీటరున్నరకు తగ్గింది. ఇంకా తగ్గాలంటే కారు అడుగున అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మీద లోయర్ ఆర్మ్ రంధ్రాన్ని పైకి జరపాలని, రోడ్డు మీద తిరిగే కారుకు అంత అవసరం లేదని వారే చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఈ మోడల్‌కు కంపెనీ క్యాంబర్ (నిలువు గీత నుంచి చక్రం పక్కకు వాలే కోణం) సర్దుబాటు ఇవ్వలేదు కాబట్టి స్ట్రట్ల పైన కదిలే ప్లేట్లు వేశారు. డ్రైవర్ సీటులో నా బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టి, చక్రాలు నేల మీద ఉండగానే ఆర్ములు ఆడే చోట ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు బిగించారు. చక్రాలు గాలిలో ఉండగా బిగిస్తే కారు దించాక రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఇంత శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు.

లోపాలు లేకపోలేదు. స్పేసర్ పెట్టాక నా 14 అంగుళాల చక్రం లోపలి అంచు టై రాడ్ కొసకు దాదాపు తగులుతోందని, వేరే చక్రాలు కొనాలని పని సగంలో చెప్పారు. ముందే చెప్పి ఉండాల్సింది. మూడు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. కొలతల కాగితం కూడా అడిగితేనే ఇచ్చారు. ఇలాంటి పని ఎక్కడ చేయించినా, పనికి ముందూ తరువాతా తీసిన అంకెలున్న ఆ కాగితం చేతికి వచ్చాకే డబ్బు చెల్లించండి.