షిల్లింగ్ కోట్లు, సేబర్‌హేగన్ వాయిదాలు

ఇద్దరూ అమెరికా బేస్‌బాల్‌లో పేరుమోసిన పిచ్చర్లే, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాళ్లే. కర్ట్ షిల్లింగ్ ఆటతో 11 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడు. తన జెర్సీ నంబరు మీద '38 స్టూడియోస్' అనే వీడియోగేమ్ కంపెనీ పెట్టి, సొంత డబ్బు దాదాపు 5 కోట్లు అందులో పోశానని చెప్పాడు. 2012లో అది దివాలా తీసింది. రోడ్ ఐలాండ్ రాష్ట్రం హామీ ఉన్న అప్పూ ఇరుక్కుపోయింది. 2004 వరల్డ్ సిరీస్‌లో (అమెరికా బేస్‌బాల్ ఫైనల్‌లో) రక్తం మరకలతో ఆడిన సాక్సు కూడా 2013లో వేలానికి వెళ్లింది, 92 వేల డాలర్లకు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

బ్రెట్ సేబర్‌హేగన్ ఆట మానేసింది 2001లో. అతను ఒకప్పుడు ఆడిన న్యూయార్క్ మెట్స్ జట్టు మాత్రం 2004 నుంచి పాతికేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం. మొత్తం 62.5 లక్షలు. షిల్లింగ్ సంపాదనలో అది చిన్న ముక్కే. అయినా ఆటగాడికి నేనైతే ఈ పద్ధతే చెబుతాను: చేతికి రాని డబ్బును ఒక్క కల కోసం ఊడ్చిపెట్టలేం.