కొనేముందు ఒకసారి కింద పడుకోబెట్టి చూడండి

తారు మీదా మట్టి దారుల్లోనూ నడిపే అడ్వెంచర్ బైక్ అనగానే అందరి కళ్లూ ముందు సీసీల మీదికి, ఆ తర్వాత హార్స్‌పవర్ మీదికి పోతాయి. ముగ్గురం కలిసి మూడు రకాల బండ్లు అద్దెకు తీసుకుని, దారి పొడుగునా మార్చుకుంటూ నడిపాక నేను మాత్రం ముందు బరువు చూడటం మొదలుపెట్టాను. ఆ మూడూ బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్, యమహా టెనెరే 700, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. హైవే, ఘాట్, కంకర, ఇసుక, చివర్లో ఒక వాగు. అన్నీ తగిలే దారినే కావాలని ఎంచుకున్నాం.

హైవే గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అక్కడ జీఎస్‌కు తిరుగులేదు. 1300 సీసీ బాక్సర్ ఇంజిన్ (సిలిండర్లు చెరో పక్కకు పడుకుని ఉండేది), 145 హార్స్‌పవర్. వెనక చక్రాన్ని తిప్పేది చైన్ కాదు, కడ్డీలాంటి షాఫ్ట్ కాబట్టి సాయంత్రం గదికి చేరాక చైన్‌కు లూబ్ కొట్టుకునే పని కూడా లేదు. టెనెరే గంటకు 120 కిలోమీటర్ల దగ్గర కూడా తడబడదు గానీ గాలి హెల్మెట్‌ను కొడుతూనే ఉంటుంది. హిమాలయన్‌ది 40 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్. 100 దాకా హాయిగా పోతుంది. ఆపైన లారీని దాటాలంటే కాస్త ముందుగా లెక్క వేసుకోవాలి.

కంకర మొదలయ్యాక వరస మారిపోయింది. జీఎస్ ముందు చక్రం 19 అంగుళాలు, మిగతా రెండింటికీ 21. పెద్ద చక్రం రాయిని తేలిగ్గా ఎక్కేస్తుంది, చిన్నది గుద్దుకుని ఎక్కుతుంది. ఆ తేడా మణికట్టుకు వెంటనే తెలుస్తుంది. అలాగని 19 అంగుళాలు పనికిరాదనుకోవద్దు, ఘాట్ మలుపుల్లో చప్పున తిరిగేది అదే. దిగుడులో వెనక ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపుకుంటే మంచిది, లేకపోతే వదులు కంకరలో బండి ఆగకుండా జారుతూ పోతుంది. కొన్ని బండ్లలో తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏబీఎస్ తిరిగి ఆన్ అవుతుంది. ఫొటోలకని ఆగిన ప్రతిసారీ ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇసుకలో జీఎస్ పడింది. వేగం ఏమీ లేదు, మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. బండి 237 కిలోలు, దానికి తోడు రెండు అల్యూమినియం పెట్టెలు. బాక్సర్ సిలిండర్లు రెండు వైపులా పొడుచుకు వచ్చి ఉంటాయి కాబట్టి పూర్తిగా నేలకు అతుక్కోదు, అంతవరకు నయం. పెట్టెలు తీసేసి, హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి, కాళ్ల బలంతో వెనక్కి అడుగులేస్తూ లేపాలి. ఇద్దరం పట్టినా చెమటలు పట్టాయి. ఆ తర్వాత హిమాలయన్‌ను కావాలనే పడుకోబెట్టి నేనొక్కణ్ణే లేపి చూశాను. అదీ 196 కిలోలు, దూదిపింజేం కాదు, కానీ లేచింది.

టెనెరే బరువు వీటి మధ్యలో, హిమాలయన్‌కే దగ్గర. మట్టిలో మూడింటిలోకీ నాకు నచ్చింది అదే. చిక్కల్లా ఎత్తు. సీటు 875 మిల్లీమీటర్లు. మాలో పొట్టివాడు వాగు మధ్యలో ఆపి, కాలు పెట్టడానికి రాయి వెతుక్కుంటూ "ఒరేయ్, దీనికి నిచ్చెన ఎందుకివ్వలేదురా" అని అరిచాడు. 825 మిల్లీమీటర్ల హిమాలయన్ మీద అదే వాగును రెండు కాళ్లూ ఆనించుకుంటూ దాటేశాడు.

అద్దె సర్వీసు సంగతి. మనుషులు మర్యాదస్తులే, బండ్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ "ఆఫ్‌రోడ్‌కు రెడీ" అని చెప్పిన టెనెరేకి వేసినవి దాదాపు రోడ్డు టైర్లు. పంక్చర్ కిట్ విప్పితే ట్యూబ్‌లెస్ టైర్లకు వాడే ప్లగ్‌లు ఉన్నాయి, బండికేమో ట్యూబ్ టైర్లు! టైరు విప్పే లివర్లు లేవు, స్పేర్ ట్యూబ్ లేదు. బుక్ చేసేటప్పుడే టైర్ల ఫొటో, కిట్ ఫొటో పంపమనండి. 21 అంగుళాల ట్యూబ్ ఒక్కటి వెంట ఉన్నా చాలు, అవసరం పడితే వెనక చక్రంలోకి కూడా ఎలాగో ఇరికించి తర్వాతి ఊరు చేరుకోవచ్చు. మట్టిలోకి దిగేముందు గాలి తగ్గించి, తారెక్కాక మళ్లీ నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు కూడా తప్పదు.

బసల్లో నేను గది కంటే ముందు పార్కింగ్ చూస్తాను. ఒకచోట పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, కానీ బండ్లు పెట్టే చోటు కంకర పోసిన ఏటవాలు. ముందుకు దిగేలా పెట్టిన జీఎస్‌ను తెల్లారి వెనక్కి లాగడానికి ముగ్గురం కావాల్సి వచ్చింది. మరోచోట గది ఇరుకే గానీ, కింద సిమెంటు గచ్చు, బురద కడుక్కోవడానికి పైపు ఉన్నాయి. మళ్లీ వెళ్తే రెండోచోటే దిగుతాను. సామానుకు గట్టి పెట్టెల బదులు మెత్తటి బ్యాగులు కడితే వాటి బురద గదిలోకి వస్తుంది, నిజమే. అయినా మట్టిలో పడినప్పుడు కాలు గట్టి పెట్టె కింద ఇరుక్కోవడం కంటే ఆ బురదే నయం.

వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఎక్కువగా తారు మీదే తిరిగేవాళ్లకు జీఎస్ వద్దని చెప్పను. కాళ్లు పొడుగు, మట్టి అనుభవం ఉన్నవాళ్లు టెనెరే చూడండి. ఒంటరిగా తిరిగే నాలాంటివాడికైతే హిమాలయన్. పెద్ద బండి కొనకుండా మిగిలిన డబ్బులో కొంత ఇంజిన్ కింద గట్టి ప్లేటుకు, సగం మట్టికి సగం తారుకు పనికొచ్చే టైర్లకు, ఒక ఆఫ్‌రోడ్ శిక్షణకు పెడతాను.